మౌనానికి గడువు తొమ్మిది

“ముందు ఆ అమ్మాయి చెయ్యి వదలండి.”

కోటు వదల్లేదు. పైగా ఇంకాస్త బిగించి మెట్ల వైపు ఓ అడుగు వేశాడు. విదేశాంగ శాఖ భద్రతాధికారి ఆయన. మండుటెండలో కూడా నల్ల కోటు విప్పడు కాబట్టి, ఆయన లేనప్పుడు అందరూ వాడే పేరు అదే. ఉన్నప్పుడు ‘సార్’.

“మేడమ్‌గారూ, ఇది మీ జేబుదొంగల కేసు కాదు. పొరుగు దేశం పిల్ల. మన మాజీ రాయబారికి విషం పెట్టింది. మధ్యాహ్నానికల్లా మా శాఖ చేతిలో ఉండాలి.”

“ఈ భవనంలో నేరం జరిగితే అది పోలీసులది. మీ శాఖకి ఎప్పుడు ఇవ్వాలో మేం చెప్తాం.”

ఆ మాట అన్న ఇన్‌స్పెక్టర్‌ని డిపార్ట్‌మెంట్‌లో సూది అంటారు. సన్నగా ఉంటుందని కొందరి లెక్క. గుచ్చుకున్నాక గానీ వచ్చినట్టు తెలియదని మరికొందరి లెక్క. ఆమె మెట్లకి అడ్డంగా నిలబడింది. యూనివర్సిటీలోని దౌత్య విద్యాలయం మొదటి అంతస్తు అది. వరండా పొడుగునా తలుపుల వెనక విద్యార్థులు ఊపిరి బిగబట్టి వింటున్నారు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. యూనివర్సిటీ ఆస్పత్రి డాక్టర్.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, పెద్దాయన ఊపిరి ఇంకా నెమ్మదించింది. ఒంట్లో ఏదో మందు ఉంది. అదేమిటో చెబితే విరుగుడు ఇస్తాను. తెలియకుండా ఇచ్చానో, మూర్ఛలొచ్చి నా చేతుల్లోనే పోతాడు.”

“రక్తం పరీక్ష?”

“సాయంత్రానికి గానీ రాదు. ఆ ఊపిరితిత్తులు సాయంత్రందాకా ఆగవు. మెషీన్ పెట్టొచ్చు, కానీ ఆ వయసులో, ఆ ఛాతీకి గొట్టం వేస్తే మళ్ళీ తీసే యోగం ఉండదు. పదకొండుదాకా చూస్తాను. ఈలోపు నాకు మందు పేరు కావాలి.”

గోడ గడియారం పది దాటి పావుగంట చూపిస్తోంది.

సూది ఫోన్ జేబులో వేసుకుని, కోటు చేతిలో ఉన్న అమ్మాయి వైపు చూసింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఏడవడం లేదు. తోటివాళ్ళు ఆమెను పొరుగమ్మాయి అంటారు.

“ఆయన్ని మొదట చూసింది నువ్వేగా? రా, ఎలా చూశావో చూపించు. మీరూ రండి సార్, చెయ్యి పట్టుకునే రండి, నాకేం అభ్యంతరం లేదు.”

కోటుకి ఆ మాటలో ఎగతాళి అర్థమైంది. చెయ్యి వదిలేశాడు.

*

రాయబారిగారి గది చిన్నది. ఒక బల్ల, దాని వెనక చేతుల కుర్చీ, తలుపు పక్కన వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఇంకో కుర్చీ. మూల చేతులు కడుక్కునే సింక్. ఉద్యోగం వదిలాక పన్నెండేళ్ళుగా ఆయన ఇక్కడ పాఠాలు చెబుతున్నాడు. తెల్లారకముందే వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్క్‌లో టీ తాగుతూ చదువుకోవడం అలవాటు.

“తొమ్మిదీ పదికి వచ్చాను మేడమ్. తలుపు కొట్టాను. పలకలేదు. తీసి చూస్తే బల్ల మీద తల వాల్చి ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నా. నాలుగుసార్లు పిలిచాను.”

“తల నేరుగా బల్ల మీదే ఉందా?”

“లేదు మేడమ్. చెంప కింద దిండు ఉంది.”

దిండు ఇప్పుడు కింద పడి ఉంది. ఆస్పత్రివాళ్ళు ఎత్తేటప్పుడు జారినట్టుంది. సూది వంగి దాన్ని చూసింది, తర్వాత తలుపు పక్క కుర్చీని చూసింది. ఆ కుర్చీలో దిండు లేదు. కుర్చీ గుడ్డదీ దిండుదీ ఒకటే రంగు.

“కళ్ళజోడు ఉందా ఆయనకి?”

“లేదు. నేనూ అదే అనుకున్నా. అది లేకుండా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.”

సూది బల్ల సొరుగు లాగింది. కళ్ళజోడు పెట్టెలో ఉంది. మడిచి, కింద గుడ్డ పరిచి, పెట్టె మూత వేసి ఉంది. సింక్ దగ్గర కప్పు కడిగి బోర్లించి ఉంది. ఫ్లాస్క్ ఖాళీ. బల్ల మీద ఫోన్ తీగ గోడలోంచి ఊడదీసి, చుట్టగా చుట్టి పక్కన పెట్టి ఉంది.

“చూశారా?” అన్నాడు కోటు. “సాయానికి ఎవరినీ పిలవకుండా ఫోన్ పీకింది. కప్పు కడిగింది. ఇంకేం కావాలి మీకు?”

“కప్పు సంగతి ఒప్పుకుంటా. మరి ఈ దిండు?”

“ఆయనే పెట్టుకుని ఉంటాడు.”

“మత్తు ముంచుకొస్తున్న మనిషి లేచి, తలుపు దాకా నడిచి, దిండు తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, సొరుగు మూసి, కప్పు కడిగి, అప్పుడు పడిపోయాడా? ఎంత తీరిక సార్ ఆయనకి!”

“అయితే?”

“చంపడానికి వచ్చినవాళ్ళు మెడ పట్టేస్తుందని చెంప కింద దిండు పెట్టరండీ. ఫోన్ పీకింది ఆయన మాట్లాడకూడదని కాదు, మోగకూడదని. మోగితే లేస్తాడు. ఈ గదిలోకి వచ్చిన మనిషికి కావాల్సింది ఆయన చావు కాదు, నిద్ర.”

కోటు పెదవి విరిచాడు. “డెబ్భై నాలుగేళ్ళ ముసలాయన్ని నిద్రపుచ్చి ఎవరికి ఏం లాభం?”

“నాకూ అదే తెలియాలి.” ఆమె పొరుగమ్మాయి వైపు తిరిగింది. “నిన్న సాయంత్రం ఈ గదిలో నువ్వు అరిచావట. వరండా అంతా వినపడిందట.”

“అరిచాను మేడమ్.” అమ్మాయి గొంతు తగ్గించలేదు. “మాకు ఏడాది చివర చర్చల పరీక్ష ఉంటుంది. రెండు జట్లు రెండు దేశాలు. ఎవరి ప్రభుత్వం ఇచ్చిన రహస్య సూచనలు వాళ్ళకే తెలియాలి. ఎక్కడిదాకా దిగొచ్చు, ఎక్కడ ఆగాలి, అన్నీ వాటిలోనే ఉంటాయి. మా జట్టు సూచనలు అవతలి జట్టు నాయకుడు ముందే చూసేశాడు. నేను కళ్ళారా చూశాను. న్యాయం చెయ్యమని అరిచాను.”

“ఎవరా నాయకుడు?”

“రాయబారిగారి మనవడు.”

“ఆయనేమన్నారు?”

“ముందు కూర్చోమన్నారు. తర్వాత, ‘రేపు పొద్దున్నకల్లా చెయ్యాల్సింది చేస్తాను, నువ్వెళ్ళి పడుకోమ్మా’ అన్నారు.”

కోటు ఆ మాట పూర్తిగా విన్నట్టు లేడు. “మనవడి మీద పగతో తాతకి విషం. సరిపోయింది,” అంటూ తన మనుషుల్ని పిలవడానికి బయటికి వెళ్ళాడు. హాస్టల్లో పొరుగమ్మాయి గది సోదా చేయించడానికి.

*

డైరెక్టర్ గది గడప మీదే సూది అడిగేసింది.

“ఈ పొద్దున్న ఇక్కడ ఏం జరగాల్సి ఉంది?”

“ఏమీ లేదే! క్లాసులు తప్ప...”

“డైరెక్టర్‌గారూ, మీరు దౌత్యం నేర్పేవాళ్ళు. ఒక మాటకి పది ముసుగులు వెయ్యగలరు. నాకు ఒక్కొక్కటే తీసే టైము లేదు. అవతల మీ పెద్దాయన ఊపిరి లెక్కపెడుతున్నారు.”

డైరెక్టర్ కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు.

“మా పాలకమండలి మీటింగులు పెట్టి వాదించుకోదు. దేశాల పెద్ద పెద్ద కూటముల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదన అందరికీ పంపుతారు. గడువు చెబుతారు. ఆ లోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే. పిల్లలకి నేర్పేది మేమూ పాటించాలని ఇక్కడా అదే పెట్టుకున్నాం. బయట మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ పూర్తి అంగీకారం.”

“ఈసారి ప్రతిపాదన?”

“విదేశాంగ సర్వీసులోకి ఏటా మా దగ్గర్నుంచి ఒక్కరిని తీసుకుంటారు. ఒక్కరినే. చర్చల పరీక్షలో మార్కుల్ని బట్టి పంపే ఆ పేరు.”

“గడువు?”

“ఈ పొద్దున్న తొమ్మిది.”

“పేరు?”

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “రాయబారిగారి మనవడు.”

సూది కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన్నే చూస్తోంది.

“మండలిలో ఆయనా సభ్యుడే. నిన్న రాత్రి నాకు ఫోన్ చేశారు,” అన్నాడు డైరెక్టర్, అడక్కుండానే. “‘పొద్దున్న ఎనిమిదిన్నరకి నా గదిలోంచి ఫోన్ చేసి అభ్యంతరం చెబుతాను. మా ఇంటి కుర్రాడు కాబట్టి నేనే చెప్పాలి’ అన్నారు. ఎనిమిదిన్నరకి ఫోన్ రాలేదు. మనసు మార్చుకున్నారనుకున్నాను. తాత మనసు కదా. తొమ్మిదికి ఆమోదం అయిపోయింది.”

“మీకు సంతోషమే కదా?”

“నాకా? ఇన్‌స్పెక్టర్‌గారూ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి నేను సిద్ధంగా లేను. ఎవరి పేరు వెళ్ళినా నా జీతం అంతే.”

అది నిజమనిపించింది. పొరుగమ్మాయికి కావాల్సింది పెద్దాయన నోరు తెరవడం. ఆ నోరు మూతపడాల్సిన అవసరం ఇంకెవరికో ఉంది.

“మనవడు ఎక్కడ?”

“నిన్న మధ్యాహ్నమే రాజధానికి వెళ్ళాడు, ఇంటర్వ్యూ బట్టలు కుట్టించుకోవడానికి. రైలు ఎక్కించింది నేనే.”

“వాళ్ళమ్మ?”

“మా దగ్గరే లెక్చరర్. ప్రోటోకాల్ చెబుతుంది. తండ్రి ఇంట్లోనే ఉంటుంది, భర్త పోయినప్పటి నుంచి.”

*

రాయబారిగారి కూతురు స్టాఫ్ రూమ్‌లో ఉంది. తండ్రి రోజూ వేసుకునే మాత్రల డబ్బా తెమ్మని ఆస్పత్రివాళ్ళు చెబితే తీసుకుని బయల్దేరుతోంది. సూదిని చూడగానే లేచి నిలబడింది. చీర మడత నలగలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“ఇంకా లేవలేదా?” అని అడిగింది.

“లేవలేదమ్మా. ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి.”

“నన్ను పంపండి. మాత్రలు...”

“మా మనిషి పట్టుకెళ్తాడు.” సూది డబ్బా తీసుకుని గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌కి ఇచ్చింది. “పొద్దున్న ఫ్లాస్క్‌లో టీ పోసిందెవరు?”

“నేనే. రోజూ నేనే. అదే టీ నేనూ తాగాను, నాకేం కాలేదు.”

“నాన్నగారి గదికి వచ్చారా?”

“లేదు. ఎనిమిదికి నాకు క్లాసు.”

“నిన్న రాత్రి మీ అబ్బాయి గురించి ఏమైనా అన్నారా?”

“మా నాన్న భోజనాల దగ్గర మాట్లాడరు.”

“ఆయన పొద్దున్న అభ్యంతరం చెప్పబోతున్నారని మీకు తెలుసా?”

ఆమె నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు.

“తెలియడానికేముంది? ఆయన ఇంకేం చేస్తారు? ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి పరాయివాళ్ళ తగువులన్నీ తీర్చారు. మా అమ్మ పోయిన రోజు కూడా ఏదో సంధి మధ్యలో ఉండి రాలేదు. నా పెళ్ళికి వచ్చారంటే వచ్చారు, రెండు గంటలు. మా ఆయన్ని కేన్సర్ తినేస్తుంటే పెద్దాస్పత్రిలో ఒక్క మాట చెప్పండి నాన్నా అన్నాను. ‘వరసలో అందరూ ఉన్నారమ్మా’ అన్నారు. వరసలో మా వంతు వచ్చేసరికి మనిషి లేడు. మా వాడి విషయంలోనైనా ఒక్కసారి, ఒక్కసారి...”

కొంగు సర్దుకుని, “క్షమించండి. ఇవన్నీ మీకెందుకు,” అంది.

“మంచి తండ్రా ఆయన?”

“మంచి మనిషి,” అంది ఆమె. “నాకు ప్రాణం ఆయనంటే,” అని చేర్చింది.

సూది వరండాలోకి వచ్చింది. ఈ పొద్దుటి నుంచి డైరెక్టరూ, గుమాస్తాలూ, పిల్లలూ, చివరికి కోటు కూడా ఆమెను ఒకటే ప్రశ్న అడిగారు: బతుకుతారా? కూతురు ఒక్కతే వేరేగా అడిగింది: ఇంకా లేవలేదా?

దానితో కోర్టులో ఏదీ నిలబడదు. కప్పు కడిగేశారు, ఫ్లాస్క్ ఖాళీ. ఒత్తిడి చేస్తే ఆమె ఇంకా బిగుసుకుంటుంది. కొడుకు బతుకు ఆ మౌనం మీదే నిలబడి ఉంది.

ఇరవై నిమిషాలు కూడా మిగల్లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. కోటు విజయగర్వంతో ఒక సీసా ఊపుకుంటూ వచ్చాడు. “పురుగుమందు! మంచం కింద దొరికింది. ఇంకేమంటారు?”

“నల్లుల మందు సార్ అది,” అంది వెనక నుంచి పొరుగమ్మాయి. “హాస్టల్లో ఏ మంచం కింద చూసినా దొరుకుతుంది. మంచాల్లో చూస్తే నల్లులు దొరుకుతాయి.”

“నోర్ముయ్. డాక్టర్‌కి చెప్పండి మేడమ్, పురుగుమందు విరుగుడు వెంటనే ఇమ్మని.”

సూది ఫోన్ చేసింది. డాక్టర్ విని గట్టిగా నిట్టూర్చాడు. “నాకు నమ్మకం లేదు. నాడి లక్షణాలు కొంచెం కలుస్తాయి, అంతే. నిజంగా పురుగుమందు కాకపోతే ఆ మోతాదుకి ఆయన గుండె పగిలిపోతుంది. నేనివ్వను.”

“ఇవ్వొద్దు. కానీ ఫోన్ పెట్టెయ్యకండి. నేను ఏం చెప్పినా వింటూ ఉండండి.”

తర్వాత ఆమె కోటు వైపు తిరిగి, ఆ పొద్దుట మొదటిసారి మర్యాదగా అంది: “సార్, మీరు గెలిచారు. పద్ధతి ప్రకారం ముగిద్దాం. అందర్నీ మండలి గదికి రమ్మనండి.”

*

మండలి గదిలో గుండ్రటి బల్ల ఉంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తగువు రాకుండా చేయించిన బల్ల. డైరెక్టర్, కూతురు, కోటు కూర్చున్నారు. పొరుగమ్మాయిని గోడ దగ్గర నిలబెట్టారు. సూది తన ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది.

“ఆస్పత్రి లైన్లో ఉంది. డాక్టర్ మన నిర్ణయం కోసం చూస్తున్నారు. మీ పద్ధతిలోనే వెళ్దాం. నేను ఒక్కో అంశం చెబుతాను. అభ్యంతరం ఉంటే చెప్పండి. లేకపోతే ఒప్పుకున్నట్టే.”

డైరెక్టర్ తలాడించాడు. కోటు కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఒకటి. రాయబారిగారు తెల్లవారుజామున తన గదిలో టీ తాగారు.”

ఎవరూ కదల్లేదు.

“రెండు. ఆ టీలో ఈ విద్యార్థిని పురుగుమందు కలిపింది.”

“అబద్ధం!” అంది పొరుగమ్మాయి.

“విద్యార్థులకి అభ్యంతరం చెప్పే హక్కు లేదమ్మా,” అన్నాడు డైరెక్టర్ అలవాటుగా. అన్నాక ఆయన ముఖమే మాడిపోయింది.

సూది బల్ల చుట్టూ చూసింది. కూతురు తల ఎత్తలేదు. ఆమె కుడిచేతి వేళ్ళు ఎడమచేతి గాజును తిప్పుతున్నాయి.

“ఒప్పుకున్నారు. మూడు. నేరానికీ మండలికీ సంబంధం లేదు. పొద్దున్న తొమ్మిదికి జరిగిన ఆమోదం అలాగే ఉంటుంది. సర్వీసుకి వెళ్ళే పేరు మారదు.”

గాజు ఆగింది. మౌనం.

“ఒప్పుకున్నారు. నాలుగు.” సూది ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. “డాక్టర్ ఇప్పుడే పురుగుమందు విరుగుడు ఇస్తారు. అది నిజంగా పురుగుమందే అయితే ఆయన బతుకుతారు. కాకపోతే ఆ ఇంజెక్షన్‌తో గుండె ఆగిపోతుంది. రెండూ తెలిసే ఒప్పుకుంటున్నాం. రక్తసంబంధీకులతో సహా.”

ఫోన్‌లో అటు పక్కన ఏదో యంత్రం కొట్టుకుంటోంది. ఒక శబ్దం, చాలాసేపటికి ఇంకొకటి.

కోటు అసహనంగా కదిలాడు. “ఇంకా ఏం చూస్తున్నారు? ఎవరికీ అభ్యంతరం లేదు. ఇచ్చెయ్యమనండి.”

సూది ఆయన వైపు చూడలేదు. “డాక్టర్‌గారూ, మందు సిరంజిలోకి ఎక్కించండి,” అంది.

అటు నుంచి డాక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు. “...సరే,” అన్నాడు.

యంత్రం ఇంకోసారి కొట్టుకుంది.

“అభ్యంతరం.”

ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే డైరెక్టర్ ఎవరన్నారా అని చుట్టూ చూశాడు. కూతురు లేచి నిలబడింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“నాలుగో అంశానికి అభ్యంతరం.”

“కారణం చెప్పాలి,” అంది సూది.

“అది పురుగుమందు కాదు.”

“మరి?”

“మూడో అంశం...” అంది ఆమె. ఆగింది. కళ్ళు మూసుకుంది. ఆ మూసిన కళ్ళ వెనక రైల్లో రాజధానికి వెళ్ళిన కొడుకు ఉన్నాడో, చెంప కింద దిండుతో పడుకున్న తండ్రి ఉన్నాడో ఆ గదిలో ఎవరికీ తెలియదు. “మూడో అంశానికి కూడా. రెండో దానికి కూడా. ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు. నిద్రమాత్రలు అవి. మా ఆయన చివరి నెలల్లో వేసుకున్నవి, పెద్ద మోతాదువి. నాలుగు.”

“వేరే ఏదైనా కలిసిందా?” ఫోన్‌లోంచి డాక్టర్ గొంతు గదంతా నిండింది.

“లేదు. అవే.”

“మందు పేరు చెప్పండి. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు.”

ఆమె చెప్పింది. తడుముకోలేదు. ఒకప్పుడు రోజూ రాత్రి చదివిన పేరు.

“దానికి విరుగుడు నా దగ్గర ఉంది,” అన్నాడు డాక్టర్. “కానీ మళ్ళీ చెబుతున్నాను, మాట తప్పయితే ఈ మనిషి దక్కడు. ఊహ మీద నేనివ్వలేను. చెబుతున్నది ఎవరు? చూసినవాళ్ళా, విన్నవాళ్ళా?”

కోటు నోరు తెరిచాడు. సూది చెయ్యెత్తి ఆపింది. జవాబు తనూ చెప్పగలదు. చెప్పలేదు.

కూతురు బల్ల మీదికి వంగింది. ఫోన్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

“చూసినవాళ్ళు కాదు డాక్టర్‌గారూ. టీలో కలిపింది నేను. తొమ్మిదిదాకా నిద్రపోతే చాలనుకున్నాను. త్వరగా ఇవ్వండి. ఆయన కూతుర్ని మాట్లాడుతున్నాను.”